బాబ్ మార్లీ: ‘లెజెండ్’ తర్వాత ఏం వినాలి? వన్ డ్రాప్ ఎలా పట్టుకోవాలి?

నల్లరేగడి

జమైకా రెగే గాయకుడు మార్లీ అంటే ఇక్కడ చాలామందికి 1984లో వచ్చిన ‘లెజెండ్’ సంకలనమే. దాన్ని దాటి వినాలంటే ఏ వరుసలో వెళ్తే ఆయన జీవితం, పాట కలిసి అర్థమవుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి.

రెండో ప్రశ్న వాయించేవాళ్ళకు. గిటార్, బేస్, కీబోర్డ్, ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) ఉన్న చిన్న బృందం. ‘త్రీ లిటిల్ బర్డ్స్’ తీసుకున్నాం. కార్డ్స్ ఏ, డి, ఇ మూడే. స్వరాలు తప్పడం లేదు, వేగం తప్పడం లేదు, అయినా రెగే రావడం లేదు. బరాత్ నడకలాగా ముందుకు తోసుకుపోతోంది. ఎవరు ఏం మార్చుకోవాలి?

పాతరికార్డు

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

‘లెజెండ్’లోని 14 పాటల జాబితా ఎదురుగా పెట్టుకుని చూడండి. 1976 నాటి ‘రాస్తమాన్ వైబ్రేషన్’ నుంచి ఒక్క పాట లేదు. 1979 నాటి ‘సర్వైవల్’ నుంచి ఒక్కటి లేదు. 1977 నాటి ‘ఎక్సోడస్’ నుంచి ఐదు ఉన్నాయి గానీ వాటిలో నాలుగు రికార్డు రెండో వైపువి. మొదటి వైపున ‘నేచురల్ మిస్టిక్’ మొదలు ‘ద హీథెన్’ దాకా ఉన్న నాలుగు పాటలూ బయటే ఉండిపోయాయి. ‘గెట్ అప్, స్టాండ్ అప్’, ‘ఐ షాట్ ద షెరీఫ్’ ఉన్న మాట నిజమే. అయినా మొత్తం మీద ఆ సంకలనంలో కనిపించే మనిషి ఓదార్చేవాడు, ప్రేమించేవాడు. ఆఫ్రికా విముక్తి మీద ఒక ఆల్బమంతా పాడినవాడు అందులో దొరకడు.

నా వరుస ఇది. ముందు 1964 నాటి ‘సిమ్మర్ డౌన్’ ఒక్కటి వినండి. కింగ్‌స్టన్‌లో కాక్సన్ డాడ్ నడిపిన స్టూడియో వన్‌లో తీసింది, వెనక వాయించింది స్కాటలైట్స్ బృందం. అది స్కా అనే రకం, పరుగు మీద ఉంటుంది. 1966 నుంచి వేగం తగ్గి రాక్‌స్టెడీ వచ్చింది, బేస్ ముందుకొచ్చింది. 1968 ప్రాంతంలో అది రెగే అయింది. ఈ మూడు దశల్లోనూ పాడి, చివరి దశను ప్రపంచానికి వినిపించిన గొంతు మార్లీది. ఆయన పాట 1973లోనే పుట్టినట్టు చాలామంది రాస్తారుగానీ అప్పటికే ఆయనకు పదకొండేళ్ళ రికార్డింగ్ అనుభవం ఉంది. నిర్మాత లెస్లీ కాంగ్ దగ్గర తొలి పాట ‘జడ్జ్ నాట్’ తీసింది 1962లో.

తర్వాత 1970–71లో నిర్మాత లీ ‘స్క్రాచ్’ పెర్రీతో చేసినవి: ‘డప్పీ కాంకరర్’, ‘స్మాల్ యాక్స్’. ఇక్కడ ఆగి ఎక్కువసేపు వినండి. పెర్రీ బృందంలోని అన్నదమ్ములు, బేస్ మీద ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బారెట్, డ్రమ్స్ మీద కార్ల్‌టన్ బారెట్, ఈ పాటలతోనే మార్లీ వెనక నిలబడ్డారు. చివరిదాకా వదల్లేదు. మీ బృందానికి కావలసిన పాఠమంతా ఈ ఇద్దరి దగ్గరే ఉంది.

ఆపైన ‘క్యాచ్ ఎ ఫైర్’, ‘బర్నిన్’ (రెండూ 1973), లండన్ లైసియంలో 1975 జులైలో తీసిన ‘లైవ్!’, తర్వాత ‘ఎక్సోడస్’ మొదటి వైపు, ‘సర్వైవల్’, చివరగా 1980 నాటి ‘అప్‌రైజింగ్’.

వన్‌డ్రాప్_కర్ర

రెండో ప్రశ్నలో సగం జవాబు ఆక్టోప్యాడ్ దగ్గరే ఉంది. మనకు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఎప్పుడూ ఒకటో దెబ్బ మీదే పడాలి అన్నంత అలవాటు. వన్ డ్రాప్ అనే రెగే నడకలో ఒకటో దెబ్బ ఖాళీ. అక్కడ కిక్ ఉండదు, స్నేర్ ఉండదు. మూడో దెబ్బ మీద కిక్, క్రాస్ స్టిక్ (కర్రను స్నేర్ డ్రమ్ మీద ఆనించి అంచున కొట్టే దెబ్బ) రెండూ ఒకేసారి పడతాయి. ఒక బార్‌కి, అంటే నాలుగు దెబ్బల ఆవృత్తికి, అదొక్కటే బరువైన దెబ్బ.

మూడు ప్యాడ్లు చాలు: కిక్, క్రాస్ స్టిక్, మూసిన హైహ్యాట్ (జంట లోహపు పళ్ళేలు). డప్పు, తాషా, క్లాప్ శబ్దాలన్నీ తీసేయండి. స్నేర్‌ని తెరిచి కొట్టడం ఫిల్స్‌లో (వరుసల మధ్య నింపే దెబ్బల్లో) మాత్రమే. అసలు డ్రమ్స్ దొరికితే స్నేర్ కింద తీగలు వదులు చేసి, పై చర్మం బాగా బిగించండి. టింబాలేకి దగ్గరగా వస్తుంది, కార్ల్‌టన్ ఫిల్స్‌లో వినిపించే ఖంగుమనే శబ్దం అదే. కిక్ లోపల దుప్పటి పెట్టి మోత చంపేయాలి.

హైహ్యాట్‌లోనే ప్రాణం ఉంది. బార్‌కి ఎనిమిది దెబ్బలు సమానంగా కొడితే యంత్రంలా ఉంటుంది. రెండేసి దెబ్బల్లో మొదటిది కాస్త పొడుగు, రెండోది కాస్త పొట్టి. పూర్తి తిశ్రం (మూడు భాగాల నడక) కాదు, పూర్తి చతురశ్రం (నాలుగు భాగాల నడక) కాదు, మధ్యలో ఎక్కడో. కార్ల్‌టన్ మధ్యమధ్య ఒక్క దెబ్బ చోట మూడు దెబ్బల గుత్తి వేసి వదిలేస్తాడు. అది నాలుగైదు బార్లకొకసారి చాలు.

కీబోర్డులో ‘రెగే’ అని ఉండే ఆటో రిథమ్ పెట్టుకుని దాని మీద వాయిస్తుంటే ముందు దాన్ని ఆపేయండి. వాటిలో కొన్ని ఒకటో దెబ్బ మీద కిక్ పెట్టి ఉండొచ్చు.

నల్లరేగడి

మూడో దెబ్బ అంటున్నారు. ఇంకో చోట ‘రెండు, నాలుగు మీద డ్రాప్’ అని చదివాం. ఏది సరి?

వన్‌డ్రాప్_కర్ర

రెండూ ఒకటే, లెక్కపెట్టే వేగం వేరు. ‘త్రీ లిటిల్ బర్డ్స్’ నిమిషానికి సుమారు 75 దెబ్బలు. 75 మీద లెక్కపెడితే డ్రాప్ రెండు, నాలుగు మీద పడుతుంది, గిటార్ దెబ్బల మధ్య సందుల్లో వస్తుంది. అదే పాటను 150 మీద లెక్కపెడితే గిటార్ రెండు, నాలుగు మీద, డ్రాప్ మూడు మీద. బృందంలో ఒకరు 75లో, మరొకరు 150లో ఆలోచిస్తే గిటార్ వెళ్ళి కిక్ మీద పడుతుంది. మీ బరాత్ నడక అక్కడి నుంచే వస్తుండొచ్చు. అందరూ కూర్చుని ఒక లెక్క ఒప్పుకోండి. ఈ చర్చలో 150 లెక్కే వాడదాం.

సాధన ఇలా: మెట్రోనోమ్ 75 మీద పెట్టండి. మొదటి క్లిక్‌ని ‘ఒకటి’గా, రెండో క్లిక్‌ని ‘మూడు’గా వినండి. ‘మూడు’ని మాత్రమే కొట్టండి. ‘ఒకటి’ మీద కాలు కూడా కదపకుండా పది నిమిషాలు ఆగకుండా ఉండగలిగితే తర్వాత హైహ్యాట్ కలపండి. ఈ పది నిమిషాల్లో వేగం పెరిగిపోవడమే అందరికీ వచ్చే జబ్బు. ఖాళీని భరించలేక చెయ్యి ముందుకు దూకుతుంది.

అన్ని పాటలూ వన్ డ్రాప్ కాదని కూడా గుర్తుంచుకోండి. ‘ఎక్సోడస్’ పాటలో నాలుగు దెబ్బల మీదా కిక్ పడుతుంది. దాన్ని స్టెపర్స్ అంటారు. పెద్ద జనసమూహం కదులుతున్న భావం ఆ పాటకు కావాలి, అందుకే అక్కడ ఖాళీ లేదు.

తాళపత్రం

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకు ఒక హెచ్చరిక. ఒకటి ఖాళీ అనగానే ‘అనాగత ఎడుపు’ అనుకుని సరిపెట్టుకోవద్దు. అనాగతంలో పాట ఆలస్యంగా ఎత్తుకున్నా సమం (తాళం మొదటి దెబ్బ) మీద చెయ్యి తొడ మీద పడుతూనే ఉంటుంది, మృదంగం ఆ సమానికే తీర్మానం చేస్తుంది. ఇక్కడ సమాన్ని ఎవరూ చూపించరు. వినేవాడు తనలోపల వేసుకోవాలి. తాళం వేస్తూ నేర్చుకుంటే ఒకటో దెబ్బకి తెలియకుండానే బరువు వస్తుంది. చేతులు ముడుచుకుని కూర్చుని, మూడు మీద మాత్రం తల ఊపుతూ వినండి.

ఆరుతంతులు

గిటార్ సంగతి. ఓపెన్ కార్డ్స్‌తో వాయిస్తుంటే అదే పెద్ద తప్పు. ఓపెన్ తీగలు మోగుతూనే ఉంటాయి, ఆపలేరు. స్కాంక్‌కి (రెగే గిటార్ కొట్టే పొట్టి దెబ్బకి) బారె ఆకారాలు (ఒక వేలితో తీగలన్నీ నొక్కే కార్డ్స్) కావాలి, అందులోనూ పైన ఉన్న సన్న తీగలు మూడే కొట్టాలి. బేస్, కిక్ ఉండే చోటులోకి గిటార్ దిగకూడదు.

మీ పాటకు:

ఏ: ఒకటో తీగ 5వ ఫ్రెట్, రెండో తీగ 5, మూడో తీగ 6.
డి: 5, 7, 7.
ఇ: 7, 9, 9.

చెయ్యి ఐదో ఫ్రెట్ దగ్గర మొదలై ఏడుకి వెళ్ళొస్తుందంతే. రెండు, నాలుగు మీద కిందికి ఒక దెబ్బ. కొట్టిన మరుక్షణం ఎడమచేతి వేళ్ళు వదులు చేయాలి, తీగల మీంచి మాత్రం లేపకూడదు. లేపితే ఓపెన్ తీగ కీచుమంటుంది, వదులు చేయకపోతే కార్డ్ సాగుతుంది. శబ్దం ‘చక్’ అని పుట్టి అక్కడే చచ్చిపోవాలి. శబ్దాన్ని ఆపేది ఎడమచెయ్యే. కుడిచేతి అరిచెయ్యి ఆనించి ఆపితే ధ్వని మొద్దుబారిపోతుంది.

ఆంప్‌లో డిస్టార్షన్ పూర్తిగా తీసేయండి, బేస్ నాబ్ బాగా తగ్గించండి, ట్రెబుల్ సగం దాటించండి. కొంచెం రివర్బ్ చాలు. రెండో గిటార్ ఉంటే అది స్కాంక్ కొట్టకూడదు. బేస్ వాయించే వరసనే ఒక అష్టకం (ఆక్టేవ్) పైన, అరిచెయ్యి ఆనించి మూతపెట్టిన ధ్వనితో వాయించాలి. బేస్ స్వరం స్పష్టంగా వినబడటానికి జమైకా స్టూడియోల్లో వాడిన పద్ధతి ఇది.

స్కాంక్ గిటార్ వాయించింది మార్లీయే అని చాలామంది గమనించరు. పాడుతూ ఆపకుండా కొట్టేవాడు. లీడ్ వాయించింది వేరేవాళ్ళు: ‘నాటీ డ్రెడ్’ నుంచి ఆల్ ఆండర్సన్, ‘ఎక్సోడస్’ నుంచి జూనియర్ మార్విన్.

ఓరుగల్లు_కీస్

అన్నా, మీ కీబోర్డ్ ఆయన కార్డ్ పట్టుకొని నాలుగు దెబ్బలూ ఒత్తే ఉంచుతున్నడు కావొచ్చు. గట్ల చేస్తే ఖాళీలన్నీ నిండిపోతయి, ఇగ డ్రమ్మర్ ఎంత వదిలిపెట్టినా లాభం లేదు.

రెండు పనులున్నయి. ఒకటి పియానో: గిటార్‌తోపాటు రెండు, నాలుగు మీద చిన్నగ కొట్టి వదలాలె. గిటార్‌కు ఒళ్ళు వచ్చేది దీంతోనే. రెండోది ఆర్గన్, దీన్నే బబుల్ అంటరు. బార్‌ను ‘ఒకటి–మరి–రెండు–మరి–మూడు–మరి–నాలుగు–మరి’ అని ఎనిమిదిగ చెయ్యి. ఒకటి మీద, మూడు మీద చేతులు ఖాళీ. ‘మరి’ల మీద ఎడమచెయ్యి, రెండు, నాలుగు మీద కుడిచెయ్యి. అంటే ఖాళీ–ఎడమ–కుడి–ఎడమ, మళ్ల ఖాళీ–ఎడమ–కుడి–ఎడమ. ఎడమచెయ్యి మధ్య సి దగ్గర్నే ఉండాలె, ఇంకా కిందికి పోతే బేస్‌తో కొట్లాడుతది. కుడిచెయ్యి దానికి ఒక అష్టకం పైన.

ఆర్గన్ టోన్‌ల డ్రాబార్లు (ధ్వని మార్చే జరిపే మీటలు) ఉంటే మొదటి మూడు మాత్రం గుంజి మిగిలినవి మూసెయ్. సస్టెయిన్ పెడల్ మీదికెళ్లి కాలు తియ్యి. వాల్యూమ్ ఎంతంటే, ఆర్గన్ ఆపితే ఏదో పోయిందనిపియ్యాలె, మోగుతున్నప్పుడు మాత్రం విడిగ వినపడొద్దు. ‘ఈజ్ దిస్ లవ్’ హెడ్‌ఫోన్స్‌ల పెట్టుకొని వింటే తెలుస్తది.

మంద్రస్థాయి

బేస్ గురించి చివర్లో రాస్తున్నా, నిజానికి రెగేలో పాట మొదలయ్యేదే బేస్ నుంచి. ఫ్యామిలీ మ్యాన్ వాయించినవి పాడుకోదగ్గ వరసలు. గొంతు తీసేసి బేస్ మాత్రమే హమ్ చేసినా అది ఏ పాటో పట్టేయొచ్చు. ఆయన ప్రతి బార్‌నీ మూలస్వరంతో ఒకటి మీద మొదలుపెట్టడు. చాలాచోట్ల ఒకటి దాటాకే ఎత్తుకుంటాడు. వరస సగం బార్‌లో ముగించి మిగతా సగం వదిలేస్తాడు. మీ బేస్ వాయించే ఆయన బార్‌కి నాలుగు మూలస్వరాలు వరుసగా కొడుతుంటే రెగే రాదు, కంట్రీ పాట వస్తుంది.

స్వరం ఎక్కడ మొదలవుతుందో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగుతుందో అంతే ముఖ్యం. ప్రతి స్వరాన్నీ వేలితో ఆపండి. ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు ఉన్న) తీగలు వేయిస్తే ఖణఖణ పోతుంది. అవి దొరక్కపోతే బేస్ గిటార్ టోన్ నాబ్ పూర్తిగా మూసేసి, బ్రిడ్జ్ దగ్గర కాకుండా నెక్ చివర, వేలి మెత్తటి భాగంతో మీటండి. పిక్ వద్దు.

ఇక్కడ ఒక ఆచరణ సమస్య వస్తుంది. సాధన గదిలో చిన్న స్పీకర్ ఉంటే బేస్ వినబడదు, వినబడటం కోసం ట్రెబుల్ పెంచుతారు, దాంతో గిటార్ మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు ట్రెబుల్ జోలికి పోకుండా మిగతా అందరూ తగ్గాలి. పాటను ఫోన్ స్పీకర్‌లో విని నేర్చుకోవద్దు. సగం పాట అందులో ఉండదు.

పాతరికార్డు

మంద్రస్థాయి గారు చెప్పిన ‘వదిలేయడం’ అర్థం కావాలంటే ‘క్యాచ్ ఎ ఫైర్’ రెండు రూపాల్లో వినాలి. 1972లో లండన్‌లో ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ మార్లీ బృందం వెయిలర్స్‌కి 4,000 పౌండ్లు ముందుగా ఇచ్చాడు. వాళ్ళు జమైకా వెళ్ళి రికార్డ్ చేసి టేపులు తెచ్చారు. వాటి మీద లండన్‌లో వేన్ పెర్కిన్స్ గిటార్, జాన్ ‘రాబిట్’ బండ్రిక్ కీబోర్డులు చేర్చారు. ‘కాంక్రీట్ జంగిల్’ సోలో పెర్కిన్స్‌దే. రెగే తెలియని రాక్ శ్రోతల కోసం చేసిన పని అది. 2001 డీలక్స్ ముద్రణలో జమైకా మిక్స్ విడిగా ఇచ్చారు. సోలోలు లేవు, బేస్ ఇంకా బరువు, ఐలాండ్ వదిలేసిన రెండు పాటలు కూడా ఉన్నాయి. నా దృష్టిలో జమైకా మిక్సే అసలు రికార్డు.

మంద్రస్థాయి

అంతగా ఒప్పుకోలేను పాతరికార్డు గారూ. చేర్పులు జరిగేటప్పుడు మార్లీ లండన్‌లోనే ఉన్నాడు, ఆయనకు తెలియకుండా ఏదీ జరగలేదు. పైగా ‘కాంక్రీట్ జంగిల్’లో ఆ గిటార్ పాట దిగులును పెంచింది గానీ తగ్గించలేదు. జమైకా మిక్స్‌లో బారెట్ అన్నదమ్ముల పని స్పష్టంగా వినబడుతుంది, నేర్చుకోవడానికి అదే మేలు. కానీ రెండోదాన్ని కల్తీ అనడం ఆ వాద్యకారులకు అన్యాయం.

పాతరికార్డు

కల్తీ అనను. కానీ దాని తర్వాత ఏం జరిగిందో చూడాలి. మార్కెట్‌కి ఒక్క ముఖం కావలసి వచ్చింది. వెయిలర్స్ అంటే ముగ్గురు: బాబ్, పీటర్ టాష్, బన్నీ వెయిలర్. ట్రెంచ్ టౌన్‌లో జో హిగ్స్ దగ్గర కూర్చుని మూడు గొంతులు కలపడం నేర్చుకున్నవాళ్ళు. 1974కల్లా పీటర్, బన్నీ వెళ్ళిపోయారు, పేరు ‘బాబ్ మార్లీ అండ్ ద వెయిలర్స్’ అయింది. ఆ ఖాళీలోకి రీటా మార్లీ, మార్షియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ వచ్చారు, వాళ్ళే ఐ త్రీస్. మగగొంతుల కలయికలో ఉన్న గరుకుదనం పోయి, పిలుపు–జవాబు పద్ధతి బలపడింది. ‘బర్నిన్’, ‘నాటీ డ్రెడ్’ వెంటవెంటనే వింటే తేడా తెలుస్తుంది. ‘గెట్ అప్, స్టాండ్ అప్’ బాబ్, పీటర్ కలిసి రాసిందని, అందులో చివరి చరణం పీటర్ గొంతని కూడా చాలామందికి తెలియదు.

నల్లరేగడి

‘నో వుమన్, నో క్రై’ రచయితగా విన్సెంట్ ఫోర్డ్ అనే పేరు కనిపిస్తోంది. ఈయన ఎవరు? పాట మార్లీది కాదా?

హక్కుపత్రం

విన్సెంట్ ఫోర్డ్ ట్రెంచ్ టౌన్‌లో మార్లీకి చిన్నప్పటి నుంచి స్నేహితుడు. అక్కడ పేదలకు అన్నం పెట్టే వంటశాల నడిపాడు. పాట ఎవరు రాశారన్నదానికన్నా డబ్బు ఎటు వెళ్ళిందన్నదే ఇక్కడ ముఖ్యం. మార్లీ అంతకుముందు కేమన్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థతో ఒప్పందంలో ఉన్నాడు. తన పేరుతో పాట నమోదైతే ప్రచురణ హక్కు వాళ్ళకు పోతుంది. 1973–76 మధ్య కొన్ని పాటలు స్నేహితుల, బంధువుల పేర్ల మీద నమోదయ్యాయి. ఇలాంటి 13 పాటల మీద కేసు లండన్ హైకోర్టుకు వెళ్ళింది. 2014లో తీర్పు ఐలాండ్ వైపున్న ప్రచురణ సంస్థ బ్లూ మౌంటెన్ మ్యూజిక్‌కు అనుకూలంగా వచ్చింది, 2015లో అప్పీలు కూడా కొట్టేశారు. 1992 నాటి ఒప్పందంలోనే ఆ హక్కులు చేతులు మారాయన్నది తీర్పు సారం.

దీనికన్నా బాధ కలిగించేది ఫ్యామిలీ మ్యాన్ కేసు. బేస్ వరసలు, అమరిక తనవని, తనకు రావలసింది ఇవ్వలేదని వేసిన దావాను 2006లో ఆయన ఓడిపోయాడు. పైన మంద్రస్థాయి గారు రాసినదంతా ఒప్పుకున్నా, చట్టం దృష్టిలో పాట అంటే ప్రధానంగా గొంతు వరస, మాటలు. రెగేలో బేస్ వరసే పాటకు రూపం ఇస్తుంది, ఆ శ్రమకు తగిన గడి ఒప్పంద పత్రాల్లో లేకపోయింది. మార్లీ వీలునామా రాయకుండా చనిపోవడంతో ఈ చిక్కులన్నీ ఇంకా పెరిగాయి.

మీ బృందం బయట టిక్కెట్టు పెట్టి వాయిస్తే నిర్వాహకులు ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కుల సంస్థ) లైసెన్స్ తీసుకోవాలి. ముందే అడిగి ఖాయం చేసుకోండి.

తాళపత్రం

జీవితం గురించి నెట్‌లో తిరిగే తప్పులు కొన్ని సరిచేద్దాం.

1966 ఏప్రిల్ 21న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ కింగ్‌స్టన్ వచ్చినప్పుడు బాబ్ అక్కడ లేడు. ఆ ఫిబ్రవరిలో రీటాను పెళ్ళి చేసుకుని అమెరికాలోని విల్మింగ్టన్‌లో తల్లి దగ్గరికి పనికోసం వెళ్ళాడు. చక్రవర్తిని చూసింది రీటా. సెలాసీని దైవంగా కొలిచే రాస్తా మార్గం వైపు బాబ్ మళ్ళింది తిరిగొచ్చాక. ‘వార్’ పాట మాటలు సెలాసీ 1963 అక్టోబర్ 4న ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం నుంచి దాదాపు యథాతథంగా తీసుకున్నవి. ప్రసంగ గద్యాన్ని పల్లవి అనేది లేకుండా ఒకే లయ మీద నిలబెట్టడం ఎంత కష్టమో పాట కట్టేవాళ్ళకు తెలుస్తుంది.

1976 డిసెంబర్ 3న కింగ్‌స్టన్‌లో బాబ్ ఉండే 56 హోప్ రోడ్ ఇంట్లో కాల్పులు జరిగాయి. బాబ్‌కు ఛాతీ పక్కన, చేతికి గాయాలు. రీటాకు తలమీద తూటా తగిలింది, మేనేజర్ డాన్ టేలర్‌కు తీవ్రగాయాలు. ఎవరూ చనిపోలేదు. రెండు రోజులకే, 5వ తేదీన, ‘స్మైల్ జమైకా’ కచేరీలో పాడాడు. తర్వాత లండన్ వెళ్ళిపోయాడు. ‘ఎక్సోడస్’, ‘కాయా’ రెండూ అక్కడి రికార్డింగుల్లోనివే.

1978 ఏప్రిల్ 22న శాంతి కచేరీలో ప్రధాని మైకేల్ మాన్లీ, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగా చేతులు బాబ్ కలిపించిన ఫొటో అందరికీ తెలుసు. దాంతో హింస ఆగిందని రాయడం తప్పు. ఆ కచేరీ వెనకున్న రెండు వీధి ముఠాల నాయకులు 1980 ముగిసేలోపే తుపాకులకు బలయ్యారు, 1980 ఎన్నికల ఏడాది జమైకాలో వందలమంది చనిపోయారు. ఆ ఫొటోను విజయంగా చూపించడం కన్నా, సరిపోదని తెలిసీ చేసిన ప్రయత్నంగా చూడటమే మార్లీకి గౌరవం.

పాతరికార్డు

జింబాబ్వే కూడా చేర్చాలి. 1980 ఏప్రిల్ 17 రాత్రి సాల్స్‌బరీ (ఇప్పటి హరారే) రుఫారో స్టేడియంలో స్వాతంత్ర్య వేడుక. పరికరాలను అక్కడికి చేర్చే ఖర్చు మార్లీయే పెట్టుకున్నాడు. లోపలికి రాలేని జనం గేట్లు తోసుకుని రావడంతో పోలీసులు బాష్పవాయువు వదిలారు, పాట మధ్యలో ఆగింది. 18న మళ్ళీ పాడాడు. అంతకు ముందు ఏడాదే వచ్చిన ‘సర్వైవల్’లో ఆ దేశం పేరుతోనే పాట ఉంది. పోరాటం నడుస్తుండగా రాసిన పాట, గెలిచాక ఆ నేల మీదే పాడిన పాట. ‘లెజెండ్’లో అది లేదు.

గోరుకింద_నలుపు

ఫుట్‌బాల్ దెబ్బవల్ల క్యాన్సర్ వచ్చిందన్న మాట గురించి. 1977లో బయటపడింది ఎక్రల్ లెంటిజినస్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్, కుడికాలి బొటనవేలి గోరు కింద. ఇది ఎండవల్ల వచ్చేది కాదు. ఆటలో తగిలిన దెబ్బవల్ల వచ్చిందనడానికీ ఆధారం లేదు. దెబ్బ ఉండటంతో మచ్చను గాయమనే అనుకున్నారు, అదే నష్టం చేసింది. వేలు తీసేయాలన్న సలహాను ఒప్పుకోలేదు. గోరు, దాని కింద కణజాలం తీసి చర్మం అతికించారు. 1980 సెప్టెంబర్ 21న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పరుగెత్తుతూ కూలిపోయాడు, అప్పటికి మెదడు దాకా పాకింది. 23న పిట్స్‌బర్గ్‌లో చివరి కచేరీ చేశాడు. జర్మనీలో వైద్యుడు జోసెఫ్ ఇసెల్స్ దగ్గర చికిత్స ఫలించలేదు. 1981 మే 11న మయామీలో, 36 ఏళ్ళకు చనిపోయాడు.

ముదురు చర్మం ఉన్నవాళ్ళలో మెలనోమా అరుదు, కానీ వస్తే ఎక్కువగా ఈ రకమే, అరికాలు, అరచెయ్యి, గోరు కింద. గోరు మీద నల్లచార వెడల్పవుతుంటే, చుట్టూ చర్మానికి పాకుతుంటే, దెబ్బ తగిలిన మచ్చలా గోరుతోపాటు ముందుకు జరగకుండా అక్కడే ఉంటే చర్మవైద్యుడికి చూపించాలి. మన దగ్గర ‘గోరు కమిలింది’ అని నెలలు గడిపేస్తారు, అందుకే రాస్తున్నా.

నల్లరేగడి

అందరికీ కృతజ్ఞతలు. డ్రమ్స్ లేకుండా గిటార్ ఒక్కదానితో మొదలుపెట్టాలంటే ‘రిడెంప్షన్ సాంగ్’ సరైనదేనా?

ఆరుతంతులు

పాటగా సరైనదే, రెగే నేర్చుకోవడానికి కాదు. అందులో స్కాంక్ లేదు, వన్ డ్రాప్ లేదు, ఒక గొంతు, ఒక గిటార్. ‘అప్‌రైజింగ్’లో చివరి పాట. జి మేజర్‌లో జి, ఇ మైనర్, సి, జి/బి (కింద బి స్వరం ఉన్న జి), ఎ మైనర్. సి నుంచి ఎ మైనర్‌కి దిగేటప్పుడు మధ్యలో జి/బి తప్పక ఉండాలి, కింది తీగ మెట్టు దిగినట్టు సి–బి–ఎ వినబడాలి. మొదట్లో మంద్రతీగల మీద వచ్చే వరసను వేగంగా లాగేయొద్దు, పాడే వేగం అక్కడే ఖాయమవుతుంది. మనసును దాస్యం నుంచి విడిపించుకోవాలన్న ప్రసిద్ధ వాక్యం జమైకా నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ 1937లో కెనడాలో నోవా స్కోషియాలో చేసిన ప్రసంగంలోది. బృందంతో చేసిన రూపం కూడా ‘అప్‌రైజింగ్’ 2001 ముద్రణలో వచ్చింది. రెండూ పక్కపక్కన వింటే ఒంటి గిటార్ ఎందుకు ఉంచారో అర్థమవుతుంది.

రెగే కోసమే అయితే ‘త్రీ లిటిల్ బర్డ్స్’ వదలకండి. తర్వాత ‘జామింగ్’: బి మైనర్, ఇ, తర్వాత జి, ఎఫ్ షార్ప్ మైనర్. ఆపైన ‘వెయిటింగ్ ఇన్ వెయిన్’: రెండే మేజర్ సెవెన్త్ కార్డ్స్ మధ్య పాట చాలావరకు నడుస్తుంది, ఖాళీని పట్టుకోవడం రాకపోతే రెండో నిమిషానికే విసుగొస్తుంది.

వన్‌డ్రాప్_కర్ర

నల్లరేగడి గారూ, వచ్చే సాధనకి ఈ క్రమం పాటించండి. మొదట బేస్, డ్రమ్స్ మాత్రమే, మిగతావాళ్ళు కూర్చుని వినాలి. ఆ ఇద్దరితోనే పాట నిలబడేదాకా గిటార్ వద్దు. తర్వాత గిటార్, దాని తర్వాత బబుల్, గొంతు ఆఖర్న. ప్రతి దశనీ ఫోన్‌లో రికార్డ్ చేసి, వెంటనే హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒకటో దెబ్బ మీద ఎవరిదైనా శబ్దం వినబడితే ఆయన్ని ఆపి, మళ్ళీ మొదటి దశ నుంచి రండి. రికార్డింగ్ ఇక్కడ పెడితే వింటాం.

నల్లరేగడి

సరేనండి. 75 మీద బేస్, డ్రమ్స్ మాత్రమే ముందు పెడతాం.